చదువ నలవిగాని నిరూపణము

న్యాయాచార్యుడు: 13,62,79,841 రెండ్లను వరుసగా హెచ్చించి, వచ్చిన లబ్ధమునుండి ఒకటి తీసివేయగా మిగులు సంఖ్య ప్రధానసంఖ్య యని 2024 అక్టోబరు 21వ తేదీన లోకమునకు ప్రకటించిరి. దానికి 4,10,24,320 అంకెలు గలవు. సెకనునకొక అంకె చొప్పున నిద్రాహారములు మాని చదివినను నాలుగువందల డెబ్బదినాలుగు దినములు గడచునే గాని సంఖ్య ముగియదు. ఇక అది ప్రధానసంఖ్య యనుటకు జరిగిన గణనమును చదువ బూనినచో, ఇంచుమించు అంతటి పొడవుగల సంఖ్యలను పదమూడుకోట్లకు పైగా ఒకదాని వెనుక నొకటి పఠింపవలసియుండును. అట్టి పఠనము మానవులలో నెవ్వరును చేయలేదు, చేయబోరు. ఆ సంఖ్య నిజముగా ప్రధానసంఖ్యయేనా యని నేనడుగుట లేదు, అగుననియే యనుకొందము. అది తెలిసినదని మీరనుచున్నారే, ఆ తెలివి ఎవరిది? ఏ ప్రమాణముచేత కలిగినది?

గణితాచార్యుడు: ప్రశ్న సమంజసమైనదే. అయితే పరిమాణమును చూచి స్వభావమును గూడ దుర్గ్రాహ్యమని తలపకుడు. దశాంశపద్ధతిలో వ్రాసినపుడు 8816తో నారంభమై 1తో ముగియుచు, నడుమ క్రమమేమియు కానరాని అంకెలరాశిగా తోచు నీ సంఖ్యయే ద్విసంఖ్యామానమున వ్రాసినచో 13,62,79,841 ఒకట్లు వరుసగా నిలిచిన పంక్తి మాత్రమే. సున్న యొక్కటియు లేదు. తెలుగువారికి ఈ వంశము క్రొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించిన పావులూరి మల్లన పేర చెప్పబడుచున్న పద్య మొకటి మీరును విన్నదే: చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోయినచో అరువదినాలుగు గళ్లకు మొత్తమెంత యను లెక్కకు సమాధానముగా, బాణములకు ఐదు, చంద్రునకు ఒకటి, వేదములకు నాలుగు అని సంకేతించుకొని, ఏకస్థానమునుండి ఎడమకు నడచుచు, 18446744073709551615 అను ఇరువది అంకెల సంఖ్యను ఒక చంపకమాలలో ఇమిడ్చిన పద్యమది. అరువదినాలుగు రెండ్ల లబ్ధమునుండి ఒకటి తీసివేయగా వచ్చునది సరిగా ఆ సంఖ్యయే. కనుక అక్టోబరునాటి సంఖ్య మల్లన పలకనే 13,62,79,841 గళ్లవరకు పొడిగించినపుడు వచ్చు మొత్తము.

ఈ పలకమీద గల విశేషమేమనగా, మొదటినుండి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్లవరకు కూడి ఆగినచో ప్రధానసంఖ్య వచ్చును. అరువదినాలుగింటిలో మరి యే గడియొద్ద ఆగినను రాదు. గళ్ల లెక్కయే ప్రధానసంఖ్య కానిచో మొత్తమును కాజాలదు. అది యగుట యావశ్యకమే గాని చాలినది గాదు, ఏలయన పదునొకండు గళ్ల మొత్తమైన 2047, ఇరువదిమూడును ఎనుబదితొమ్మిదిచేత హెచ్చింపగా వచ్చుచున్నది. మల్లన చెప్పిన పూర్తి మొత్తమో, 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు కారణాంకముల గుణితము. చివరి మూడు గళ్లను విడిచి 61వ గడియొద్ద నిలిచియుండినచో 2305843009213693951 వచ్చియుండెడిది. అది ప్రధానసంఖ్య యని 1883లో పెర్వూషిన్ అను రష్యా దేశపు మతాచార్యుడు నిరూపించెను. మూడు గళ్లలో ఎంత తప్పిపోయినదో చూడుడు!

న్యాయాచార్యుడు: మల్లన లెక్కను తెచ్చి నా వాదమునకే బలము చేకూర్చితిరి. పలకయొక్క పూర్తి మొత్తము ప్రధానసంఖ్య కాదనుటకు మీరు చెప్పిన ఏడు కారణాంకములను ఏ బాలుడైనను కాగితముమీద హెచ్చించి సరిచూచుకొనవచ్చును. చూచినవానికి సందేహము మిగులదు. 67 గళ్ల మొత్తమును గూర్చియు అట్టిదే జరిగినది గదా. మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి 1644లో దానిని ప్రధానసంఖ్యల పట్టికలో చేర్చెను. 1903లో కోల్ అను అమెరికా గణితజ్ఞుడు సభలో ఒక్కమాటయు పలుకక 193707721ని 761838257287చేత నల్లబల్లమీద హెచ్చించి చూపి కూర్చుండెనని చెప్పుదురు. అది సాక్ష్యము. సొత్తును న్యాయస్థానమున బల్లమీద పెట్టిన తరువాత వాదమేల? ప్రధానసంఖ్య విషయమున మీరు పెట్టగల సొత్తేది? కారణాంకములు లేవనుటయే గదా ప్రధానత్వము. అది యొక అభావము. అభావమును తెలిసికొనుటకు అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరించిన మన మీమాంసకులు గూడ, ఉండినయెడల కనబడదగిన చోట వెదకి చూచిన పిమ్మటనే లేదనవలెనని నియమించిరి. నాలుగుకోట్ల అంకెల సంఖ్యకు కారణాంకములుండదగిన చోటులన్నిటిని వెదకినవారెవరు?

గణితాచార్యుడు: ఎవ్వరును వెదకలేదు, వెదకుట అసాధ్యము. కాని సిద్ధాంతముయొక్క మహిమ ఇచ్చటనే యున్నది: లేమిని వెదకనక్కరలేకుండ దానిని ఒక కలిమిగా మార్చినది. ఫ్రెంచి దేశీయుడు లూకా 1876లో మొదలిడి, అమెరికా దేశీయుడు లేమర్ 1930లో సంస్కరించి నిలిపిన పరీక్ష యిది. నాలుగుతో నారంభింపుడు. దాని వర్గమునుండి రెండు తీసివేయుడు. వచ్చినదానిని పరీక్షింపబడు సంఖ్యచేత భాగించి శేషమును మాత్రము నిలుపుకొని, మరల వర్గము చేసి రెండు తీసివేయుడు. గళ్ల లెక్కకంటె రెండు తక్కువ మారులు ఇట్లు చేసిన పిమ్మట శేషము సున్న యగునేని ఆ సంఖ్య ప్రధానసంఖ్య, కానిచో కాదు. ఐదు గళ్ల మొత్తము 31. నాలుగునకు వర్గము పదునారు, రెండు పోగా పదునాలుగు. పదునాలుగునకు వర్గము 196, రెండు పోగా 194, ముప్పదియొకటిచేత భాగించిన శేషము ఎనిమిది. ఎనిమిదికి వర్గము అరువదినాలుగు, రెండు పోగా అరువదిరెండు, శేషము సున్న. మూడు మెట్లు, ముగిసినది. అక్టోబరు సంఖ్యకు ఇట్టి మెట్లు 13,62,79,839.

సున్నకును ప్రధానత్వమునకును గల యీ సంబంధమును నిరూపించు సిద్ధాంతము కొన్ని పుటలలో ముగియును. మీవంటి వారు శ్రద్ధ వహించినచో కొలదిదినములలో ఆద్యంతము గ్రహింపగలరు. నైయాయికుల పరిభాషలో చెప్పవలెనన్న, వ్యాప్తి ఆ సిద్ధాంతము, హేతువు ఆ సున్న, సాధ్యము ప్రధానత్వము. కొండమీద పొగను చూచి నిప్పు కలదని తెలిసికొనుట యెట్లో ఇదియు నట్లే. ఇది అనుమానప్రమాణము, ఇందులో నమ్మకమునకు తావులేదు.

న్యాయాచార్యుడు: వ్యాప్తిని నేను కాదనను. ఆ పొగను చూచినదెవరు? అచ్చటనే నా యాక్షేపణము. కొండమీద పొగ యున్నదని నాకొకడు వచ్చి చెప్పినయెడల, నిప్పు విషయమున నా జ్ఞానము అనుమానమే యగుగాక, పొగ విషయమున మాత్రము అది శబ్దప్రమాణమే. ఆ శబ్దము ప్రమాణమగుటకు చెప్పినవాడు ఆప్తుడు కావలెను. విషయమును ప్రత్యక్షముగా తెలిసికొని, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పగోరువాడే ఆప్తుడని వాత్స్యాయనాదులు నిర్ణయించిరి. యంత్రమునకు తెలిసికొనుటయు లేదు, చెప్పగోరుటయు లేదు. అది ఆప్తుడు కాజాలదు.

మా చట్టమును ఈ జాగ్రత్తనే వహించినది. యంత్రమునుండి వెలువడిన దాఖలా తనంతట తాను సాక్ష్యము కాదు. ఆ యంత్రము సరిగా పనిచేయుచుండెనని బాధ్యతగల మనుష్యు డొకడు ధ్రువపత్రముమీద సంతకము చేయవలెను. 1872నాటి సాక్ష్యచట్టమునకు చేర్చిన 65బి సెక్షను ఇట్లు విధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షనున ఆ నియమమును నిలుపుకొనుటయే గాక, నిపుణుని సంతకమును గూడ కోరుచున్నది. అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ వ్యాజ్యమున 2020లో సుప్రీంకోర్టు ఆ పత్రము తప్పనిసరి యని తేల్చినది. మీ సంఖ్యయొక్క గణనములో హెచ్చింపులు సైతము సూటిగా పూర్ణాంకములతో జరుగుటలేదని విన్నాను. భిన్నముల ఉజ్జాయింపులతో చేసి, తుదకు సమీపమునగల పూర్ణాంకమునకు సవరించుకొనెదరట. యంత్రములు భాగహారమునందే తప్పుట 1994లో లోకమంతయు చూచినది. పెంటియం చిప్పుయొక్క దోషమునకై ఇంటెల్ సంస్థ 47.5 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో చూపుకొనవలసివచ్చెను.

గణితాచార్యుడు: ఆ దోషము బయటపడిన విధము గూడ చెప్పవలసినది. నైస్‌లీ అను గణితాచార్యుడు రెండేసి యంతరమున నుండు జంట ప్రధానసంఖ్యల వ్యుత్క్రమములను కూడుచుండగా, 824633702441, 824633702443 అను జంటయొద్ద లెక్క పొసగకపోవుటచేతనే ఆ చిప్పు దొరికిపోయినది. యంత్రము తప్పునని మీరు తెచ్చిన నిదర్శనము, యంత్రమును తప్పుపట్టగల శాస్త్రము మాయొద్ద గలదనుటకును నిదర్శనమే.

ఇక నీ సంఖ్య విషయము. అక్టోబరు 11న డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ ప్రాసెసరు ఇది బహుశః ప్రధానసంఖ్య కావచ్చునని మాత్రమే చెప్పినది. ఆ మాటతో మేము తృప్తిపడలేదు. మరునాడు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో వేరొక జాతి ప్రాసెసరుమీద లూకా–లేమర్ పరీక్ష జరిపిరి. తరువాత భిన్నమైన ప్రోగ్రాములతో, భిన్నమైన యంత్రములమీద మరల మరల జరిపిరి. ప్రతిచోటను తుదిశేషము సున్నయే. దారిలో ఎక్కడనో ఒక అంకె తప్పెననుకొనుడు. అప్పటినుండి శేషములన్నియు ఏలాగుననో చెదరిపోవును. అట్లు చెదరినది తుదిమెట్టున యాదృచ్ఛికముగా సున్నయై నిలుచుటకు గల అవకాశము, ఆ మహాసంఖ్యను హారముగా పెట్టిన భిన్నమంత. కావున యంత్రదోషమువలన మేము ఒక ప్రధానసంఖ్యను పోగొట్టుకొనవచ్చునే గాని, కానిదానిని ఔనని పొరపడుట కల్ల. నిరపరాధిని శిక్షించుటకంటె అపరాధిని విడిచిపెట్టుట మేలని మీరు చెప్పుకొను పక్షపాతమే మా పరీక్షకును స్వభావసిద్ధముగా గలదు.

న్యాయాచార్యుడు: ఈ మాట నాకు నచ్చినది; దీనిని ఒప్పుకొనుచున్నాను. ఒక్క మినహాయింపు: తప్పులన్నియు చెదరగొట్టునవే కానక్కరలేదు. శేషమునంతటిని ఒక్క పెట్టున సున్నలుగా తుడిచివేయు ప్రోగ్రాముదోషము ఒకటి యుండరాదా? అందుకే గదా ప్రోగ్రాములను మార్చి మార్చి చూచిరి. అనగా, మీ విశ్వాసము సిద్ధాంతముమీద నిలిచినంతగా సాక్షుల బహుత్వముమీదను, వారికి పరస్పర సంబంధము లేకుండుటమీదను నిలిచియున్నది. అది మా వృత్తికి సంబంధించిన విద్య, గణితము కాదు.

మీవారి యాచారమే నా పక్షమున నొక సాక్ష్యము పలుకుచున్నది. 7,42,07,281 గళ్ల మొత్తము ప్రధానసంఖ్య యని ఒక యంత్రము 2015 సెప్టెంబరు 17న కనుగొనెను. ఆ సమాచారమును పంపవలసిన మెయిల్ వ్యవస్థ చెడియుండుటచేత అది ఎవరి కంటను పడలేదు. 2016 జనవరి 7న ఒక మనుష్యుడు చూచెను. ఆ సంఖ్యను కనుగొన్న దినముగా మీ సమాజము లిఖించినది ఏది? జనవరి 7! యంత్రము తెలిసికొనినదే తెలిసికొనుటయైనచో సెప్టెంబరు ఏమైనది? అంతకుముందు 1961లో హర్విట్జ్ అను నాతడు కాగితముమీద అచ్చుపడిన ఫలితములను క్రిందినుండి చదువుటచేత, 4423 గళ్ల సంఖ్యను ముందు చూచి 4253 గళ్ల సంఖ్యను కొన్ని క్షణముల తరువాత చూచెనని, ఆ చిన్న సంఖ్యకు అదివరకు తెలిసినవానిలో అతిపెద్దదను గౌరవము ఒక్క క్షణమైనను దక్కలేదని మీవారే తీర్పు చెప్పిరి. జ్ఞానము మనుష్యుని చిత్తమున పుట్టునని నాకంటె గట్టిగా మీరే యంగీకరించియున్నారు.

గణితాచార్యుడు: ఆ యుదాహరణములు నన్ను ఇరుకున పెట్టుచున్నవని ఒప్పుకొనవలెను. కీర్తిని పంచు సందర్భమున మేము మనుష్యుని కన్నును ప్రమాణముగా గొంటిమి; అది కేవలము మర్యాద యని తప్పించుకొనవచ్చును గాని, మర్యాదలు గూడ ఊరక పుట్టవు. అది యట్లుండనిండు.

కాని, అయ్యా, మీ యింటిని గూడ ఒకమారు చూచుకొనుడు. మన శామీర్‌పేటలో 1998లో పుట్టిన నల్సార్ చట్టమును బోధించుచున్నది, 2008లో వచ్చిన బిట్స్ ప్రాంగణము యంత్రగణితములను బోధించుచున్నది. రెండిటిలో నేది చదివినవాడైనను ఒక కాగితముమీద డిజిటల్ సంతకము చేసినచో దాని బలము దేనిమీద నున్నది? 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము మూడవ సెక్షనున, ఒకరికి మాత్రమే తెలిసిన రహస్యపు తాళముతోను అందరికి తెలిసిన తాళముతోను నడచు గుప్తలిపివ్యవస్థచేత సంతకమును ధ్రువపరుపవలెనని వ్రాసినది. అట్టి వ్యవస్థలలో ప్రసిద్ధమైన ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఇప్పుడు వాడుకలో నున్న తాళము, మూడువందల పై చిలుకు అంకెలుగల రెండు ప్రధానసంఖ్యల లబ్ధము. ఆ రెండును నిజముగా ప్రధానసంఖ్యలేనని నిరూపించినవారు సాధారణముగా నుండరు. యాదృచ్ఛికముగా ఆధారసంఖ్యలను తీసికొని కొన్ని మారులు పరీక్షించి, నిలిచినచో ప్రధానసంఖ్య యని వాడుకొందురు, అంతే. ఆ పరీక్షలలో పాతది ఫెర్మా పరీక్ష. దానిని వంచించు మారువేషగాండ్రు గలరు. రామానుజుని పేర ప్రసిద్ధికెక్కిన 1729యే యట్టిది: 7, 13, 19ల లబ్ధమై యుండియు, వానితో ఉమ్మడి కారణాంకములేని యే యాధారముతో పరీక్షించినను ప్రధానసంఖ్యవలెనే ప్రవర్తించును. అట్టివి అనంతముగా గలవని 1994లో నిరూపింపబడినది. మిల్లర్, రాబిన్ అనువారు సంస్కరించిన పరీక్షలో ప్రతి సంయుక్తసంఖ్యను ఆధారములలో కనీసము ముప్పాతిక పాలు పట్టియిచ్చును గనుక, పలుమారులు పరీక్షించినచో మోసపోవు అవకాశము అత్యల్పము. అత్యల్పమే గాని శూన్యము కాదు. శాన్ ఆంటోనియోలో మేము కోరిన కాఠిన్యమును మీ చట్టము తన పునాదిలోనే కోరుటలేదు.

న్యాయాచార్యుడు: కోరదు, కోరినట్లు నటింపదు గూడ. నిరూపితమైనదనగా నేమో మా చట్టము దాపరికము లేకుండ చెప్పియున్నది: ఆ విషయము ఉన్నదని న్యాయస్థానము విశ్వసించినను, లేక వివేకవంతుడు దానినాధారముగా గొని కార్యమునకు పూనుకొనదగినంతగా సంభావ్యమని తలచినను, అది నిరూపితమే. మేము నడచుటకు వలసినంత వెలుతురునే యడుగుదుము, సూర్యుని కాదు. యూక్లిడు కాలమునుండియు సంశయమునకు అతీతమైన నిశ్చయమును ధ్వజముగా నెత్తినవారు మీరు. ఇప్పుడు సాక్షులు అనేకులు, దోషము అసంభావ్యము, వివేకవంతుడు నమ్మదగును అనుచు మా కొలబద్దతో కొలిచి, దానిపై మీ ముద్రను వేయుచున్నారు. కొలబద్ద మాదైనపుడు ముద్రయు మాదే కావలెను. ఆ సంఖ్య ప్రధానసంఖ్య యని వివేకవంతులు నమ్మదగును, అని వ్రాయుడు. నాకు తగవు లేదు.

గణితాచార్యుడు: అట్లు వ్రాయుటకు నా చేయి రాదు, ఏలనో చెప్పెదను. మిల్లర్–రాబిన్ పరీక్షలో సంభావ్యత పరీక్షయొక్క గర్భములోనే యున్నది: యంత్రము ఎంత నిర్దోషముగా పనిచేసినను సమాధానము బహుశః అనియే. లూకా–లేమర్ పరీక్షలో సంభావ్యత పరీక్షలో లేదు, చేయువానిలో నున్నది. ఈ భేదమును మీరు చెరిపివేయుచున్నారు. చేయువానియందలి దోషశంకచేత నిరూపణమే నిరూపణము కాకుండబోయినచో, మానవులు చేసిన ఏ నిరూపణము మిగులును? మెర్సెన్ పట్టికనే చూడుడు. యంత్రము కాదు, మహాపండితుడు. 67ను, 257ను తప్పుగా చేర్చెను; 61ని, 89ని, 107ను తప్పుగా విడిచెను. అట్టి మనుష్యవాక్యము రెండువందల యేండ్లకు పైగా గ్రంథములలో నిలిచినది. పరిమిత సరళసమూహముల వర్గీకరణము వేలకొలది పుటలలో, వందలాది పత్రములలో, అనేకుల వ్రాతలో చెదరియున్నది. దానిని సాంతముగా చదివి తన చిత్తమున నిలుపుకొన్న యొక్క వ్యక్తిని చూపగలరా? ఐనను దానిని సిద్ధాంతమనియే పిలుచుచున్నాము. పొడవు నిరూపణమునకు నేరమగుచో, ఎన్నవ పుటలో నేరము మొదలగును?

సంభావ్యతయు, నమ్మకమును లేకుండ ఏ సంఖ్యయైనను ప్రధానసంఖ్య యగునో కాదో సహేతుక కాలములో తేల్చవచ్చునా యని చిరకాలము ప్రశ్నగా నుండెను. కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను మువ్వురు 2002లో తేల్చవచ్చునని నిరూపించిరి. కొద్ది పుటల వ్యాసమది, ఎవరైనను చదువవచ్చును. చదివి ఆనందింపవచ్చును. కాని ఈ నాలుగుకోట్ల అంకెలమీద దానిని ప్రయోగించుట మాత్రము ఎంత యంత్రమునకును శక్యము గాదు. చదువదగిన నిరూపణ మొకవైపున, చేయదగిన గణన మొకవైపున. రెండును ఒకచోట దొరకని కాలములో నున్నాము.

న్యాయాచార్యుడు: మీ యీ చివరి వాక్యమే నేను మొదటినుండియు చెప్పదలచినది. ఎన్నవ పుటలో నేరము మొదలగునను ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదని గూడ ఒప్పుకొందును. అయితే మెర్సెన్ తప్పును కోల్ నల్లబల్లమీద హెచ్చించి చూపెను. మనుష్యుని మాటను మనుష్యుడు పరీక్షించెను. యంత్రపు మాటను పరీక్షింపగలది మరియొక యంత్రమే.

ఇంకొక సంగతి. పదునేడు దేశములలో వేలకొలది ప్రాసెసర్లను పనిచేయించి సాధించిన యీ సంఖ్యకు గుప్తలిపిలోగాని మరియొక వ్యవహారములోగాని ఉపయోగమేమియు లేదని మీవారే చెప్పుచున్నారు. గుంటూరు మండలమున యాజలిలో పుట్టి, తిరుపతిలో బోధించి, కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున జీవితము గడపిన మతుకుమల్లి వేంకట సుబ్బారావుగారు సంఖ్యాశాస్త్రమున కీర్తి గడించినది కలముతో గదా.

గణితాచార్యుడు: సుబ్బారావుగారిని మీరు తలచుట సంతోషము, కాని ఆయన కృషియే నాకును నిదర్శనము. తన కారణాంకములలో, మిగిలిన భాగముతో ఉమ్మడి కారణాంకములేనివానిని మాత్రమే ఏరి కూడినపుడు, తనను మినహాయింపగా తానే మొత్తముగా వచ్చు సంఖ్యలను ఆయన వారెన్ అను నాతనితో కలసి 1966లో పరిశీలించెను. అరువది యట్టిది: 1, 3, 4, 5, 12, 15, 20 కలసి అరువది. అట్టివి 6, 60, 90, 87360 మాత్రమే అప్పటికి దొరకినవి. ఐదవదానిని 1975లో వాల్ అను నాతడు ప్రకటించెను. ఇరువదినాలుగు అంకెల సంఖ్య. ఆరవది నేటికిని దొరకలేదు. అట్టివి పరిమితములే యని సుబ్బారావుగారి ఊహ, నిరూపణము లేదు. మల్లన పలకమీద వచ్చు ప్రధానసంఖ్యలు, అనగా మెర్సెన్ ప్రధానసంఖ్యలు, అనంతములని మా ఊహ; నిరూపణము లేదు, యాబదిరెండు నిదర్శనములు మాత్రము గలవు, అందులోను కడపటి కొన్నిటి వరుససంఖ్య తాత్కాలికమే. ఎనుబదియేడువేలయొద్ద ఆగి చూచినవానికి ఐదవ సంఖ్య యున్నదని తోచునా? దూరము పోయినగాని కనబడని వస్తువులు సంఖ్యలలో గలవు.

ఉపయోగమందురా, పెర్వూషిన్ తన 61 గళ్ల సంఖ్యను నిరూపించిననాడు దానికి ఉపయోగ మేమున్నది? నేడు పైథాన్ భాషలో, అరువదినాలుగు బిట్ల యంత్రములమీద, సంఖ్యలకు హాష్ విలువ కట్టునపుడు భాగహారమునకు తీసికొను సంఖ్య సరిగా అదియే. మన బిట్స్ ప్రాంగణమున మొదటి సంవత్సరపు విద్యార్థి వ్రాయు చిన్న ప్రోగ్రాము సైతము ఎరుగకయే దానిని తాకుచుండును. నాలుగుకోట్ల అంకెల సంఖ్యకును అట్టి గతి పట్టునని నేను హామీ యీయను, పట్టకపోవచ్చును. పట్టకపోయినను నాకు చింతలేదు, ఆ మాట మీకు రుచింపదని యెరిగియే చెప్పుచున్నాను.

న్యాయాచార్యుడు: రుచింపకపోవుట కాదు, ఉపయోగమును గూర్చి నేను మాట జారితిననియే తోచుచున్నది, దానిని విడిచెదను. నా ప్రశ్న పాతదే. ఆ 61 గళ్ల సంఖ్యను మనుష్యుడు చేతితో పరీక్షింపగలడా?

గణితాచార్యుడు: ఏబదితొమ్మిది మెట్లు. ప్రతి మెట్టున పంతొమ్మిది అంకెల సంఖ్యకు వర్గము, ఆపై భాగహారము. ఓపికగలవాడు కొన్నిదినములలో ముగింపగలడు. మీరు చేయుదురా?

న్యాయాచార్యుడు: సెలవులలో చేయుదును. పొరపాటు పడకుండుటకై ప్రతి మెట్టును యంత్రముతో సరిచూచుకొందును.

గణితాచార్యుడు: రెండును విభేదించినచో?

న్యాయాచార్యుడు: యంత్రమునే నమ్ముదును, నా యెక్కములను నేనెరుగుదును. ఐనను ధ్రువపత్రముమీద సంతకము మాత్రము నాదే కావలెను.

గణితాచార్యుడు: ఆ పత్రమును సంతకము చేయువాడు తన జ్ఞానమునకును విశ్వాసమునకును అందినంతవరకు చెప్పినచో చాలునని గదా మీ చట్టము. రెంటిలో దేనిక్రింద సంతకము చేయుదురు?

న్యాయాచార్యుడు: చట్టము రెంటిని కలిపియే వ్రాసినది. కాని నేను ముందు చెప్పిన 2020నాటి తీర్పులోనే సుప్రీంకోర్టు, ఒక మనుష్యుడు ఒకే విషయమును గూర్చి ఒకే కాలమున తన జ్ఞానముగను తన విశ్వాసముగను సాక్ష్యము పలుకజాలడు గనుక, దానిని జ్ఞానమునకు లేదా విశ్వాసమునకు అని చదువుకొనవలెనని చెప్పినది. ఏదో యొకటి ఎన్నుకొనక తప్పదు. 61 గళ్లవరకు జ్ఞానమని నేను వ్రాయుదును. 13,62,79,841 గళ్ల పత్రమును మీముందు పెట్టెదను; ఏ పదమును కొట్టివేసెదరో మీరే చూచుకొనుడు.

గణితాచార్యుడు: కలము ఇటు ఇండు. విశ్వాసము అను పదమును కొట్టివేయుచున్నాను.

న్యాయాచార్యుడు: సరియే. నిపుణుని సంతకమునకు విడిచిన స్థలము క్రింద నున్నది. దానిని గూడ మీరే చేయుదురా, యంత్రముచేత చేయింతురా?